కాలేయం కోసం తాగిన కషాయం: పర్లాకిమిడి నుంచి ఒక కేసు వివరణ

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో జనరల్ మెడిసిన్ వైద్యుడిగా పనిచేస్తున్న నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడేవారు. పక్కనే ఉన్న పాతపట్నం నుంచీ, కొండ మీది సవర గ్రామాల నుంచీ కూడా రోగులు వస్తుంటారు. వీరిలో కాలేయానికి కొవ్వు పట్టినవారు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరిగినవారు ఏటికేడు ఎక్కువవుతున్నారు. వారిలో ఒకరి కథను ఆయన అనుమతితో, గుర్తుపట్టడానికి వీలైన వివరాలు మార్చి ఇక్కడ నమోదు చేస్తున్నాను. మొక్కల సారాలు మంచివా చెడ్డవా అని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. మొదటి రోజే నేను సరైన ప్రశ్న సరైన మాటలతో అడిగి ఉంటే ఈ కేసు రాయవలసిన అవసరమే వచ్చేది కాదేమో అన్నది నా ఉద్దేశం.

రోగి 48 ఏళ్ల కిరాణా వ్యాపారి. 2023 జూన్‌లో మొదటిసారి వచ్చారు. ఆరేళ్లుగా మధుమేహం ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఎత్తు 169 సెంటీమీటర్లు, బరువు 81 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా కొట్లో కూర్చునే ఉద్యోగం, గంట గంటకూ తీపి టీ, సాయంత్రం పామాయిల్‌లో వేయించిన పకోడీ, రాత్రి పదింటికి పళ్లెం నిండా అన్నం. సారా, కల్లు అలవాటు లేదు. ట్రైగ్లిజరైడ్లు 412, మొత్తం కొలెస్ట్రాల్ 238, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్.డి.ఎల్. 34, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్.బి.ఎ.1.సి. 7.4గా వచ్చాయి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటినప్పుడు చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్.డి.ఎల్.ను మామూలు సూత్రంతో లెక్కగడితే తప్పు వస్తుంది కనుక నేరుగా కొలిపించగా 152 వచ్చింది. కాలేయ ఎంజైముల్లో ఏ.ఎల్.టి. 84, ఏ.ఎస్.టి. 58, ప్లేట్‌లెట్లు 2 లక్షల 30 వేలు. అల్ట్రాసౌండ్‌లో రెండో దశ కొవ్వు కాలేయం కనిపించింది.

వయసు, రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్లు కలిపి వేసే ఫిబ్-4 లెక్క 1.32 వచ్చింది. 1.3 లోపు ఉంటే కాలేయం గట్టిపడలేదని దాదాపు నిశ్చింతగా ఉండవచ్చు. ఈయనది గీత మీద ఉంది. అందుకని విశాఖపట్నం పంపి ఫైబ్రోస్కాన్ చేయించాను. కాలేయం గట్టిదనం 7.1 కిలోపాస్కల్ అని, అంటే ప్రమాదకరమైన మచ్చ ఇంకా ఏర్పడలేదని తేలింది. మధుమేహం, ఎల్.డి.ఎల్. రెండూ ఉన్నందున కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, ఆహారం గురించి ఐదు నిమిషాలు చెప్పి పంపాను. ఆ ఐదు నిమిషాలు చాలవని అప్పుడే తెలుసు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని కూడా అడిగాను. "సుగరు బిళ్ల తప్ప మరేటీ నేదండి" అన్నారు. అదే రాసుకున్నాను.

ఆయన మళ్లీ కనిపించింది అక్టోబరు రెండో వారంలో. రెండు వారాలుగా నీరసం, అన్నం సయించకపోవడం, ఒళ్లంతా దురద, మూడు రోజులుగా కళ్లు పచ్చబడటం. కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ 6.2, ఏ.ఎల్.టి. 684, ఏ.ఎస్.టి. 512, పైత్యనాళాల దెబ్బను చూపే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 171, రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐ.ఎన్.ఆర్. 1.3, కాలేయం తయారుచేసే ప్రొటీన్ ఆల్బుమిన్ 3.6. కొవ్వు కాలేయం దానంతట అది ఇలా ఎగబాకదు. మా ప్రాంతంలో వానల తర్వాత కామెర్లతో ఎవరు వచ్చినా మొదట చూడవలసినవి వేరే ఉన్నాయి. మలేరియా ఇక్కడ పాత శత్రువు కనుక రక్తపు పూతలు, స్ట్రిప్ పరీక్ష రెండూ చేశాం. లెప్టోస్పైరా, స్క్రబ్ టైఫస్ పరీక్షలకూ, హెపటైటిస్ ఎ, బి, సి, ఇ లకూ రక్తం పంపాం. అన్నీ నెగటివ్‌గా వచ్చాయి. అల్ట్రాసౌండ్‌లో పైత్యనాళాలకు అడ్డంకి ఏదీ లేదు. శరీరం తన కణాలకే వ్యతిరేకంగా తయారుచేసే ప్రతిరక్షకాలను వెతికే ఏ.ఎన్.ఎ. పరీక్ష మాత్రం 1:160 దగ్గర పాజిటివ్, ఐ.జి.జి. అనే ప్రతిరక్షకం 2,010.

ఎంజైముల పెరుగుదల తీరు చూస్తే దెబ్బ పైత్యనాళాలకు కాక కాలేయ కణాలకే తగిలిందని స్పష్టం. ఏ.ఎల్.టి. తన గరిష్ఠ పరిమితికి పదిహేడు రెట్లు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒకటిన్నర రెట్లలోపు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 12. ఇది 5 దాటితే కణాల దెబ్బ అంటాం. మందు వల్ల కలిగిన ఇటువంటి దెబ్బకు కామెర్లు తోడైతే పది మందిలో ఒకరికి ప్రాణాపాయం గానీ కాలేయ మార్పిడి అవసరం గానీ రావచ్చునన్నది హైమన్ జిమ్మర్‌మన్ చాలాకాలం కిందటే గమనించిన విషయం. ఇప్పటికీ అదే కొలమానం. కనుక మొదట అనుమానించింది నేను రాసిన స్టాటిన్‌నే. ఆ మాట చెప్పి మందుల చీటీ, మిగిలిన బిళ్లలు తెమ్మన్నాను.

మరునాడు ఆయన భార్య ఒక గుడ్డ సంచి తెచ్చి బల్ల మీద బోర్లించారు. అటోర్వాస్టాటిన్ ముప్ఫై బిళ్లల్లో పందొమ్మిది అలాగే ఉన్నాయి. జూన్‌లో పదకొండు రోజులు వేసుకున్నాక, కొట్టుకు వచ్చే ఒక పరిచయస్తుడు కొలెస్ట్రాల్ బిళ్ల కాలేయాన్ని తినేస్తుందని చెప్పడంతో మానేశారు. మూడున్నర నెలల కిందట ఆపేసిన స్టాటిన్ మీద ఈ కామెర్లను మోపడం కుదరదు. సంచిలో మిగిలినవి చూస్తే, ఎండిన తిప్పతీగ కాడలు, గుగ్గులు మాత్రల డబ్బా, ఆన్‌లైన్‌లో కొన్న గ్రీన్ టీ సారం క్యాప్సూళ్లు, సీసాలో నేల ఉసిరి రసం. నేల ఉసిరి రసం ఏడాదిగా వారానికి రెండు మూడు సార్లు తాగుతున్నారు. మిగతా మూడూ ఆగస్టు మొదటి వారంలో, "కాలేయాన్ని కాపాడుకోవడానికి, కొవ్వు కరగడానికి" మొదలుపెట్టారు. తిప్పతీగ మొదట పెరట్లో మామిడిచెట్టుకు అల్లుకున్నదే. అది పలచబడ్డాక సంతలో కొన్నారు. రోజూ పరగడుపున ఒక గ్లాసు, సుమారు తొమ్మిది వారాలు.

మరి జూన్‌లో అడిగినప్పుడు నేల ఉసిరి సంగతి ఎందుకు చెప్పలేదంటే, ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఆకు రసం మందెలాగవుద్దండి? ఇంట్లో తాగీదే కదండి." మాకు మందు అంటే చీటీ మీద రాసేది. ఆయనకు మందు అంటే బిళ్ల, సూది, లేదా సారా. పసరు, కషాయం, చూర్ణం, వేరు అనేవి మరో లెక్క. తప్పు ఆయన జవాబులో లేదు.

దోషి ఎవరు

నాలుగు పదార్థాల్లో దేని వల్ల దెబ్బ తగిలిందో విడదీయడం కష్టమైన పనే. ఒక్కొక్కదాని చరిత్ర వేరు, అందువల్ల విడివిడిగా చూడవలసి వచ్చింది.

నేల ఉసిరికి కాలేయంతో ఉన్న పేరు కేవలం ఊరి నమ్మకం కాదు. 1988లో మద్రాసులో త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బి కనుగొన్న నోబెల్ గ్రహీత బరూక్ బ్లంబర్గ్‌తో కలిసి లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆ మొక్క పొడి నెల రోజులు తీసుకున్న 37 మంది వైరస్ వాహకుల్లో 22 మందికి ఉపరితల యాంటిజన్ పోయిందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని అందులో ఉంది. తర్వాత ఇతర చోట్ల చేసిన ప్రయత్నాల్లో అంతటి ఫలితం మళ్లీ రాలేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ పరీక్ష వైరస్‌కు సంబంధించినది; మా రోగి కాలేయంలో ఉన్నది వైరస్ కాదు, కొవ్వు. ఒక జబ్బులో వచ్చిన పేరును మరో జబ్బుకు అరువు తెచ్చుకోవడం మొక్కల విషయంలో చాలా తరచుగా జరుగుతుంది. ఏమైనా, ఏడాదిగా తాగినా జూన్‌లో కామెర్లు లేవు కనుక దీని మీద అనుమానం తక్కువ.

గుగ్గులు కథ ఇంకా ఆసక్తికరమైనది. 1960లలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి.సత్యవతి, కొవ్వు పెరిగి రక్తనాళాలు పూడుకుపోవడాన్ని గురించి పాత గ్రంథాల్లో ఉన్న వర్ణనను పట్టుకుని, కుందేళ్లలో గుగ్గులు ప్రభావాన్ని పరిశీలించారు. దాని నుంచి తీసిన సారం 1980లలో మన దేశంలో కొవ్వు తగ్గించే మందుగా అనుమతి పొందింది. కానీ 2003లో అమెరికాలో 103 మంది మీద ఎనిమిది వారాలు జరిపిన పరీక్షలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికి ఎల్.డి.ఎల్. 5 శాతం తగ్గగా, గుగ్గులు తీసుకున్నవారికి 4, 5 శాతం పెరిగింది. కొందరికి ఒంటి మీద దద్దుర్లు కూడా వచ్చాయి. ఈ రోగికి దద్దుర్లు లేవు. అక్టోబరులో ట్రైగ్లిజరైడ్లు 398. అంటే రెండు నెలల గుగ్గులు కొవ్వును కరిగించిందీ లేదు.

గ్రీన్ టీని కప్పులో తాగడం వేరు, దాని సారాన్ని క్యాప్సూల్‌లో మింగడం వేరు. ఆయుర్వేద గ్రంథాలు చెప్పే కషాయంలో ఒక వంతు మూలికకు పదహారు వంతుల నీరు పోసి ఎనిమిదో వంతుకు మరిగిస్తారు. నీటిలో కరిగేదే వస్తుంది, చేదు వల్ల ఎవరూ గ్లాసుల కొద్దీ తాగలేరు. ద్రావకాలతో తీసిన గాఢమైన సారానికి ఆ రెండు అడ్డుకట్టలూ ఉండవు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో, రోజుకు 800 మిల్లీగ్రాములు అంతకు మించి గ్రీన్ టీలో ఉండే ఇ.జి.సి.జి. అనే కాటెకిన్‌ను సప్లిమెంట్‌గా తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని తేల్చింది. మా రోగి డబ్బా మీది అంకెల ప్రకారం రోజుకు 450 మిల్లీగ్రాములే. అయితే ఈ దెబ్బ మోతాదు మీదే ఆధారపడి ఉండదు. హెచ్.ఎల్.ఎ.-బి*35:01 అనే జన్యు రకం ఉన్నవారికి ముప్పు ఎక్కువని తెలిసింది. పసుపు సారం వల్ల కాలేయం దెబ్బతిన్నవారిలోనూ ఇదే రకం కనిపించింది. ఆ పరీక్ష మేము చేయించలేదు.

ఇక తిప్పతీగ. 2020లో కోవిడ్ కాలంలో ఇంటింటా తాగిన ఈ తీగ వల్ల కాలేయ వాపు వచ్చిన ఆరుగురి వివరాలను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. మరుసటి ఏడాది 13 వైద్య కేంద్రాల నుంచి 43 మంది కేసులు వెలువడ్డాయి. వీటిలో చాలావాటి తీరు, శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసుకునే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలి ఉంది: ఏ.ఎన్.ఎ. పాజిటివ్, ఐ.జి.జి. పెరుగుదల. మా రోగి రిపోర్టు సరిగ్గా ఇలాగే ఉంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ అధ్యయనాలతో విభేదించింది. వాడిన మొక్క గుడూచియేనని, అంటే తిప్పతీగేనని నిర్ధారించలేదని, దాన్ని పోలిన టైనోస్పోరా క్రిస్పా వంటి జాతి కావచ్చునని పేర్కొంది. ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేను. క్రిస్పా కాడ మీద బుడిపెలు దట్టంగా ఉంటాయి. అసలు తిప్పతీగ కాడ మీద పొర కాగితంలా లేచి వస్తుంది. సంచిలోని ఎండు కాడలను వృక్షశాస్త్రం చెప్పే ఒక మిత్రుడికి చూపించాను. ఆకులు లేని, ముక్కలు చేసిన కాడను చూసి జాతి చెప్పలేనన్నారు. రోగి దృష్టిలో చూస్తే ఆ వాదన ఎటు తేలినా ఒకటే: సంతలో కొన్నవాడు తిప్పతీగ అనే కొన్నాడు, ఒడియాలో గుళుచి అన్నా అదే చేతికిచ్చారు.

పేర్ల చిక్కు ఇక్కడితో ఆగదు. మనం నేలవేము అనేదాన్ని ఒడియాలో భుయిఁనింబ అంటారు. సంస్కృతంలో భూనింబ అంటే హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క, కిరాతతిక్త. రెండూ చేదే, రెండూ జ్వరానికీ కాలేయానికీ వాడేవే, అంగట్లో ఒకదాని బదులు ఒకటి వస్తుంది. మూడు భాషల కూడలిలో ఉన్న మా ఊళ్లో మొక్క పేరు అడిగితే చాలదు, మొక్కనే తెమ్మనాలి.

మందుల వల్ల కాలేయానికి కలిగే దెబ్బకు కారణాన్ని అంచనా వేసే రూకామ్ పద్ధతి ప్రకారం తిప్పతీగకు 6 మార్కులు వచ్చాయి. 6 నుంచి 8 వరకు "సంభావ్యం" అంటారు. మొదలుపెట్టిన 90 రోజుల్లోపు జబ్బు రావడం, ఆపాక తగ్గడం, ఇతర కారణాలు లేకపోవడం దానికి అనుకూలం. పక్కన గ్రీన్ టీ సారం ఉండటం ప్రతికూలం. నా మొగ్గు తిప్పతీగ వైపే. అయినా ప్రతికూల ప్రభావాల నివేదికలో నాలుగింటినీ రాసి పంపాను.

ఆపడం, ఎదురుచూడటం

చికిత్స అంటే నిజానికి అన్నీ ఆపడమే. మెట్‌ఫార్మిన్ కూడా తాత్కాలికంగా ఆపి, చక్కెరను ఇన్సులిన్‌తో నియంత్రించాం. ఐ.జి.జి. పెరిగి ఉన్నందున స్టెరాయిడ్ ఇవ్వాలా, బయాప్సీ చేయాలా అన్న ప్రశ్న వచ్చింది. ఐ.ఎన్.ఆర్. నిలకడగా ఉండి, మతి స్పష్టంగా ఉన్నంతకాలం రెండు వారాలు చూద్దామని విశాఖలోని కాలేయ నిపుణుడితో ఫోనులో మాట్లాడి నిర్ణయించాం. ఐ.ఎన్.ఆర్. 1.5 దాటినా, మాట తడబడినా, పగలు మత్తుగా పడుకున్నా ఎంత రాత్రయినా బయలుదేరాలని భార్యకు చెప్పి, తెలిసిన కారు డ్రైవరు నంబరు కూడా రాయించాను.

వారం తర్వాత ఏ.ఎల్.టి. 530కి దిగింది, కానీ బిలిరుబిన్ 7.1కి పెరిగింది. కళ్లు మరింత పచ్చబడుతుంటే ఇంట్లోవాళ్లను ఊరకే కూర్చోమనడం తేలిక కాదు. బావమరిది ఆయనను పసరు పోసేవారి దగ్గరికి తీసుకువెళ్లారు. అక్కడ ఒక మోతాదు తాగి, రెండోదానికి వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి చెప్పారు. ఈ కేసు మొత్తంలో నాకు ఊరట కలిగించిన క్షణం అదే; జూన్‌లో ఈ మనిషి అడిగినా చెప్పలేదు, ఇప్పుడు అడగకుండానే చెప్పారు. కోప్పడలేదు. హెపటైటిస్ ఎ వంటి కామెర్లు ఎక్కువమందికి వాటంతట అవే కొన్ని వారాల్లో తగ్గుతాయనీ, ఆ వారాల్లో ఏం తాగితే పేరు దానికి వస్తుందనీ వివరించి, రెండో మోతాదు వద్దన్నాను. ఉప్పూ నూనే మానేసే పథ్యం కూడా వద్దని, కడుపునిండా పప్పూ అన్నం తినమన్నాను.

రెండో వారం నుంచి బిలిరుబిన్ కూడా దిగడం మొదలైంది. రెండో వారానికి ఏ.ఎల్.టి. 310, బిలిరుబిన్ 5.0, నాలుగో వారానికి 118, 2.1, ఎనిమిదో వారానికి 61, 1.0. పన్నెండో వారంలో ఏ.ఎల్.టి. 52, ఐ.జి.జి. 1,480. స్టెరాయిడ్, బయాప్సీ రెండూ అవసరం కాలేదు.

మళ్లీ మొదటి సమస్య

2024 జనవరిలో ఆయన కాలేయం కోలుకుంది, కానీ కొవ్వు కాలేయంగానే ఉంది. ట్రైగ్లిజరైడ్లు 366, ఎల్.డి.ఎల్. 148. ఈసారి స్టాటిన్ గురించి మాట్లాడటానికి అరగంట కేటాయించాను. ఆయన భయం అర్థరహితమైనది కాదు. ఈ మందుల మీద కాలేయ హెచ్చరికలు ఒకప్పుడు ఉండేవి. తీవ్రమైన దెబ్బ అత్యంత అరుదని తేలాక, 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్టాటిన్ వాడేవారికి పదేపదే ఎంజైముల పరీక్ష అక్కర్లేదని మార్చింది. కొవ్వు కాలేయం ఉండటం స్టాటిన్ మానడానికి కారణం కాదు. "చెట్టు మందే మంచిదండి" అని ఆయన ఇంకా నసుగుతుంటే, మొదటి స్టాటిన్‌ను 1970లలో జపాన్‌లో అకిరా ఎండో ఒక బూజు నుంచి తీశారని చెప్పాను. ఎర్ర ఈస్టు బియ్యం అనే చైనా పదార్థం కొవ్వు తగ్గించేది కూడా దానిలో సహజంగా లోవాస్టాటిన్ ఉండటం వల్లే. బూజు నుంచి వచ్చిందనగానే ఆయన ముఖంలో బిళ్ల పట్ల ఉన్న బెరుకు కొంత తగ్గింది. నాకిది కొంచెం నవ్వు తెప్పించింది కూడా.

అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఆయన ధైర్యం కోసమే నాలుగో వారంలో ఎంజైములు చూశాం. పెరగలేదు. 20కి పెంచాం. మొక్కల నుంచి వచ్చినదాన్ని ఒక్కటి ఉంచాను: ఇసబ్గోలు పొట్టు రోజుకు 7 గ్రాములు, పెద్ద గ్లాసుడు నీటితో, స్టాటిన్‌కు రెండు గంటల ఎడంగా. పేగులో పైత్య ఆమ్లాలను పట్టుకుని ఎల్.డి.ఎల్.ను 5 నుంచి 10 శాతం తగ్గించే ఈ పీచు శరీరంలోకి ఇంకదు, కాలేయం దాకా పోదు. నాకు నచ్చిన గుణం అదే. గుగ్గులు, క్యాప్సూళ్లు శాశ్వతంగా వద్దన్నాను. తిప్పతీగ విషయంలో ఊళ్లోని ఒక ఆయుర్వేద వైద్యుడి అభిప్రాయం కూడా తీసుకున్నాను. లక్షణం చూసి, కొద్ది రోజులకు ఇచ్చే ద్రవ్యాన్ని టీలా నెలల తరబడి తాగమని తమ శాస్త్రమూ చెప్పదని, ఈ రోగికి ఇక ఇవ్వకూడదని ఆయన అన్నారు.

తిండి విషయంలో పెద్ద మార్పులు అడగలేదు. టీలు రోజుకు రెండుకు, అదీ చక్కెర లేకుండా. ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా పెంచేది నూనె ఒక్కటే కాదు, చక్కెర, తెల్లన్నం కూడా కాలేయంలో కొవ్వుగా మారతాయని చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. మూడు వారాలు పాటించి పరీక్ష చేయించుకున్నాక నమ్మారు. రాత్రి అన్నం సగానికి తగ్గించి ఉలవలు, కూర పెంచారు. పొద్దున చోడి (రాగి) అంబలి, బెల్లం లేకుండా. రాత్రి భోజనం ఎనిమిదింటికి, కొట్టు ఆయన కొడుకు కట్టేస్తాడు. పొద్దున్నే మహేంద్రతనయ నది గట్టు దాకా నలభై నిమిషాల నడక.

2024 జూలైలో బరువు 75.5 కిలోలు, అంటే మొదటి బరువులో దాదాపు 7 శాతం తగ్గింది. కాలేయంలో కొవ్వు తగ్గడానికి 5 శాతం, వాపు తగ్గడానికి 7 నుంచి 10 శాతం తగ్గాలన్నది ఇప్పుడు అందరూ అంగీకరించే లెక్క. ట్రైగ్లిజరైడ్లు 188, ఎల్.డి.ఎల్. 84, ఏ.ఎల్.టి. 34, ఏ.ఎస్.టి. 29, హెచ్.బి.ఎ.1.సి. 6.6, ఫైబ్రోస్కాన్ 5.9. ఇందులో స్టాటిన్ వాటా ఎంత, నడక వాటా ఎంత, ఇసబ్గోలు వాటా ఎంత అని నన్నడిగితే, ఎల్.డి.ఎల్. తగ్గుదలలో అధిక భాగం స్టాటిన్‌ది, కాలేయం బాగుపడటంలో అధిక భాగం బరువుది అంటాను.

నా కేసు కాగితంలో ఒక వరుస మార్చాను. "ఇతర మందులు" అని ఉన్న చోట ఇప్పుడు "కషాయం, పసరు, చూర్ణం, క్యాప్సూల్, టీ పొడి, దేవుడి దగ్గర ఇచ్చినది, ఫోనులో కొన్నది" అని ఉంటుంది. రోగిని ఒక్కొక్కటీ చదివి అడుగుతాం. ఒడియా మాట్లాడేవారికి నర్సు చదువుతుంది. తొలి వారంలోనే కామెర్లు ఏమీ లేని ముగ్గురు రోగులు మూడు రకాల ఆకు రసాల పేర్లు చెప్పారు.

జూలైలో వెళ్లబోతూ ఆయన తలుపు దగ్గర ఆగి, ఏది చెడు చేసిందో ఇంకా తేలలేదు కదా, తిప్పతీగ ఒక్కటే వారం రోజులు తాగి చూస్తే తేలిపోద్ది కదండి అని అడిగారు. రూకామ్‌లో అలా మళ్లీ ఇచ్చి దెబ్బ తిరిగి కనిపిస్తే అదనంగా 3 మార్కులు ఉన్న మాట నిజమే. రెండోసారి దెబ్బ ఇంకా త్వరగా, ఇంకా గట్టిగా తగలవచ్చు కనుక వద్దన్నాను. లెక్క 6 దగ్గరే ఉంది. పెరట్లో మామిడిచెట్టు మీద తీగ మళ్లీ చిగిరించిందట.